ఏడో వరుస, నాలుగో టైలు

పర్వతాలుకు కొలత పని కొత్త కాదు. ఇరవై రెండేళ్ళప్పుడు దేవరకద్ర అవతల ఉన్న తన ఊరి నుంచి గుంపు మేస్త్రి వెంట లారీ ఎక్కి, తొమ్మిదేళ్ళు ఊళ్ళు పట్టుకుని తిరిగాడు. నాగపూర్ దిక్కు, సూరత్ దిక్కు, ఒక ఏడు రాజస్థాన్ ఇసుకలో కూడా. ఎక్కడికి పోయినా పని ఒకటే: ఫోన్ కేబుల్ వేయడానికి రోడ్డు పక్కన కాలువ తవ్వడం. రెండు మేకులు పాతి, మధ్యలో సుతిలి గుంజి కట్టి, దాని వెంట సున్నం పోస్తే అదే గీత. ఆ గీత మీద ఐదున్నర అడుగుల లోతు. గుంపులో అంకెలు బాగా రాయగలిగిన వాడు అతనే కాబట్టి కొలత కర్ర అతని చేతికిచ్చారు. పది గజాలకోసారి కర్ర దించి, లోతు చదివి, గట్టిగా చెప్పడం అతని పని. రాసుకునేది ఇంజినీరు.

నడుము పట్టేసి గడ్డపార ఎత్తలేని రోజు వచ్చాక పాలమూరు తిరిగొచ్చాడు. కొన్నాళ్ళు వాచ్‌మన్‌గా, కొన్నాళ్ళు బస్టాండు దగ్గర చాయ్ బండి మీద పని చేశాక, ఊరి బయట ఉన్న ఇంజినీరింగ్ కాలేజీలో కాంట్రాక్టు మీద ల్యాబ్ అటెండరుగా కుదిరాడు. అది జరిగి పదకొండేళ్ళు. ప్రతి జూన్‌లోనూ ఆఫీసు నుంచి కొత్త లిస్టు వస్తుంది. అందులో పేరుంటే మరో ఏడాది. పదకొండు జూన్లలోనూ అతని పేరు ఉంది.

కరోనా తగ్గిన మరుసటి ఏడాది మార్చిలో ఎలక్ట్రానిక్స్ మేడం సుమన అతన్ని సెమినార్ హాలుకు పిలిచింది. సుమనది చిట్యాల. పదకొండు నెలల పాపను అక్కడ తల్లి దగ్గర వదిలి, ఇక్కడ కిరాయి గదిలో ఉంటూ పీహెచ్‌డీ పూర్తి చేసుకుంటోంది. శనివారం సాయంత్రం బస్సెక్కి వెళ్ళడం, సోమవారం పొద్దున్నే రావడం. మిగతా రోజులు ఫోను ఎప్పుడూ టేబుల్ మీద, తెర పైకి ఉండేలా పెట్టుకుంటుంది.

హాల్లో కుర్చీలన్నీ తీయించి, ముందు గోడ దగ్గర టేబుల్ మీద ఒక డబ్బా పెట్టింది. దాని మీద వరుసగా నాలుగు పుల్లలు, ఒక్కోదానికి మూడు వేళ్ళ ఎడంలో నిలబడి ఉన్నాయి.

"ఇది వైఫై అన్నట్టే అన్నా. కాకపోతే నేను రాసిన ప్రోగ్రాంతోని నడుస్తది. నాలుగు యాంటెన్నాలు. గీ చిన్న డబ్బా వినేది. దీన్ని స్టూలు మీద పెట్టుకొని ఒక్కొక్క టైలు నడుమ పెట్టాలె. మీట నొక్కితే టేబుల్ మీది డబ్బా వంద సార్లు పిలుస్తది. ఎన్ని సార్లు ఇది గుర్తుపట్టిందో గిక్కడ అంకె వస్తది. రాసుడే."

"గంతేనా మేడం?"

"గంతే. కాని ఐదు వందల టైళ్ళు."

ముందు నుంచి వెనక్కి ఇరవై వరుసలు, అడ్డంగా ఇరవై ఐదు టైళ్ళు. టేబుల్‌కు ఎదురుగా ఉన్న నడిమి టైలును సున్నా అనుకుని ఎడమకు పన్నెండు, కుడికి పన్నెండు లెక్క పెట్టుకున్నాడు పర్వతాలు. మొదటి రోజు మొదటి వరుస అయ్యాక అడిగాడు:

"గుర్తుపట్టుడంటే ఏంది మేడం? మాట వింటదా?"

సుమనకు విడమరిచి చెప్పడం ఇష్టం. "మాట కాదన్నా, మాట షురూ అయితాంది అని తెలుసుకునుడు. గాలిల ఎప్పుడూ ఏదో ఒక సప్పుడు ఉంటది. అందుల మనోళ్ళ పిలుపు ఎప్పుడు మొదలైందో గీ డబ్బాకు తెల్వాలె. దానికోసం ప్రతి మాటకు ముందు ఒక చిన్న ముక్కను పది సార్లు పంపుతం. డబ్బా ఏం చేస్తదంటే, ఇప్పుడు విన్నది, ఇంతకు జర ముందు విన్నది ఒక్కతీరే ఉన్నాయా అని చూస్తనే ఉంటది. ఉన్నాయనుకో, ఎవరో పిలుస్తున్నరని లెక్క. పెద్ద లెక్కలు అక్కరలేదు, కరెంటు ఖర్చు కాదు, చిన్న డబ్బా కూడా చేయగలదు. గా షురూ దొరకకపోతే వెనక వచ్చే మాటంతా దండగ."

పర్వతాలు స్టూలును తర్వాతి వరుసకు జరిపాడు. "మేము కేబుల్ గుంజేటప్పుడు రెండొందల గజాల పొడుగుల నిలబడేది. మేస్త్రి 'హోయ్ పట్టు, హోయ్ పట్టు, హోయ్ పట్టు' అని నాలుగైదు సార్లు అని, అప్పుడు 'గుంజు' అనేది. కడాకు ఉన్నోనికి మొదటి పిలుపు ఇనబడకున్నా రెండోదో మూడోదో చెవిల పడుతది. గుంజు అనేసరికి అందరు తయారు."

సుమన నవ్వింది. "నేను అరవై పేజీలు రాసింది నువ్వు రెండు ముక్కలల్ల చెప్పినవ్ పో."

ఆ మధ్యాహ్నం చిట్యాల నుంచి ఫోన్ వచ్చింది. పాపకు జ్వరం. సుమన అక్కడికక్కడే బ్యాగు సర్దుకుంది. "అన్నా, నువ్వు కొలుస్తుండు. రెండు రోజులల్ల వస్త" అని బస్టాండుకు వెళ్ళిపోయింది. అందువల్ల మిగిలిన టైళ్ళన్నీ పర్వతాలు ఒక్కడే కొలిచాడు. స్టూలు పెట్టడం, మీట నొక్కడం, తన ఒళ్ళు అడ్డం రాకుండా డబ్బాకు వెనక్కి జరిగి నిలబడడం, అంకె రాయడం. రెండు రోజులు పట్టింది.

చాలా టైళ్ళలో తొంభై పైనే వచ్చింది. కొన్నింట్లో మాత్రం రెండు, ఐదు, సున్నా. ఏడో వరుసలో ఎడమకు నాలుగో టైలు దగ్గర మూడు వచ్చినప్పుడు వైరు ఊడిందేమోనని చూశాడు. ఊడలేదు. మళ్ళీ నొక్కితే నాలుగు. పక్క టైలుకు జరిపితే తొంభై ఐదు. ఉన్నది ఉన్నట్టు రాశాడు.

సుమన తిరిగి రాకముందే ఆ నోట్‌బుక్ హెచ్‌వోడీ దశరథ్ సారు చేతిలో పడింది. ఆయన చెడ్డవాడు కాదు. విద్యార్థులు ప్రయోగం చేయకుండా రికార్డులో అంకెలు అల్లుకొచ్చే కాలేజీలో ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్నాడు, అంతే. అంకెలు చూడగానే ఆయనకు మొదట అనుమానమే వస్తుంది.

"పర్వతాలూ, ఇట్రా. ఇదేంది? ఐదో వరుసల సున్నా ఉంది, ఆరో వరుస మంచిగుంది. ఏడుల మళ్ళ మూడు, ఎనిమిదిల అన్నీ తొంభై. తొమ్మిది, పది చెడ్డయి, పదకొండు మంచిది. గాలి వరుస ఇడిచి వరుసల సెలవు పెడుతదా?"

"నాకు ఎర్కలేదు సార్. వచ్చింది రాసిన."

"సరే. ఇది చెప్పు. ఎడమ దిక్కు ఏడో వరుస నాలుగో టైలు మూడు. కుడి దిక్కు ఏడో వరుస నాలుగో టైలు ఐదు. ఎడమ పన్నెండో వరుస ఏడో టైలు సున్నా, కుడి దిక్కు గదే జాగల రెండు. ఇరవై వరుసలూ అట్లనే. సగం హాలు కొలిచి, మిగతా సగం అద్దంల చూసినట్టు దించి, అంకెలు జర అటూ ఇటూ మార్చినవ్. అవునా కాదా?"

పర్వతాలు నోట్‌బుక్ వైపు చూశాడు. సారు చెప్పింది నిజమే. అంకెలు అద్దంలో చూసినట్టే ఉన్నాయి. రెండు రోజులు ఒక్కో టైలు వెంట ఒక్కో టైలు రాసుకుంటూ పోయినవాడికి అది కనబడలేదు. తనే చదివినా అబద్ధం లాగే ఉంది.

"లేదు సార్" అన్నాడు.

దశరథ్ సారు ఎర్ర పెన్ను తీసి పేజీ మీద అడ్డంగా గీత కొట్టి, పక్కన రాశాడు: నమ్మదగినవి కావు. కింద సంతకం, తేదీ. "మేడం వచ్చినంక నేను మాట్లాడుత. జూన్ లిస్టు నా దగ్గరికే వస్తది, యాదుంచుకో."

ఆ సాయంత్రం ఇంట్లో భార్య గుర్వమ్మ అతని ముందు చాయ్ పెట్టి కూర్చుంది. ఆమె బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది.

"ఏమైందయ్యా, మొకం గట్ల పెట్టినవ్?"

"ఏం లేదు."

"ఏం లేకుంటే చక్కెర ఎక్కువైందని మొత్తుకుంటుంటివి. ఇయ్యాల మూడు చెంచాలు ఏసిన, సప్పుడు చేస్తలేవ్."

చెప్పాడు. గుర్వమ్మ అంతా విని, "ఎన్ని బండలల్ల తక్కువొచ్చింది?" అంది.

"ఇరవై నాలుగు."

"గా ఇరవై నాలుగింట్ల అరవయ్యో డెబ్బయ్యో రాసేయ్. మళ్ళ కొలిచిన సార్, గప్పుడు వైరు లూజున్నదని చెప్పు. పీడ పోతది. ఎవరు చూడొచ్చిన్రు?"

"నేను చూసిన గద."

"నువ్వు చూస్తే సర్కారు చూసినట్టేనా!"

పర్వతాలు నవ్వలేదు. "ఎన్కట ఒక్కసారి రాయించిన గుర్వమ్మా. గది చాలు."

అది ఆమెకు తెలిసిన సంగతే. నాగపూర్ దాటాక ఒకచోట నాలుగడుగుల దగ్గర బండ తగిలింది. సాయంత్రమవుతోంది. కర్రను ఏటవాలుగా దించమని మేస్త్రి సైగ చేశాడు. పర్వతాలు దించాడు, ఐదున్నర అని గట్టిగా చెప్పాడు, ఇంజినీరు రాసుకున్నాడు. వానాకాలంలో అక్కడే బుల్‌డోజరు తగిలి కేబుల్ తెగింది. పదిహేను మందీ మళ్ళీ ఆ జాగాకే వచ్చి, నీళ్ళు నిండిన కాలువలో నిలబడి, అదే బండను నాలుగు రోజులు కొట్టారు. ఎవరూ అతన్ని ఒక్క మాట అనలేదు. అన్నం దగ్గర మాత్రం అతని పక్కన ఎవరూ కూర్చోలేదు. తర్వాత కర్ర పట్టినన్నాళ్ళూ నిటారుగానే దించాడు.

మర్నాడు పొద్దున తొమ్మిదికే హాలు తెరిచి ఆ ఇరవై నాలుగు టైళ్ళనూ మళ్ళీ కొలిచాడు. అవే అంకెలు, ఒకటీ రెండూ తేడా. ఈసారి మరిచిపోకుండా ఉండడానికి ప్రతి చెడ్డ టైలు నడుమా సుద్దముక్కతో అడ్డగుర్తు పెట్టాడు. అన్నీ అయ్యాక సుద్దముక్క పెట్టడానికని టేబుల్ దగ్గరికి వచ్చి, వెనక్కి తిరిగి హాలు వైపు చూశాడు.

ఒక కన్ను మూశాడు. అది ఆలోచించి చేసిన పని కాదు. తొమ్మిదేళ్ళు మేకు వెనక నిలబడి గీత చూసిన అలవాటు.

ఎడమవైపు గుర్తులు ఒకదాని వెనక ఒకటి సర్దుకుని నిలబడ్డాయి. ఐదో వరుసలోది, ఏడులోది, పన్నెండులోది, పంతొమ్మిదిలోది, అన్నీ ఒకే వాలులో హాలు చివరి దాకా పోతున్నాయి. కుడివైపు చూశాడు. అక్కడా అంతే.

పరీక్షల గదికి పోయి జవాబు పత్రాల కట్టలకు వాడే సుతిలి ఉండ తెచ్చాడు. డబ్బా మీది నాలుగు పుల్లలకు సరిగ్గా నడిమిన, టేబుల్ అంచుకు ఒక కొస కట్టి, రెండో కొసను ఎడమ గోడ మూలకు గుంజి, మోకాళ్ళ మీద కూర్చుని సరిచేశాడు. పన్నెండు గుర్తులూ సుతిలి కిందికి వచ్చాయి. కొన్ని సరిగ్గా కింద, కొన్ని జానెడు పక్కకు. ఆరు, ఎనిమిది, పదకొండు, పదమూడు వరుసల్లో సుతిలి ఏ టైలుకూ నడిమి నుంచి పోవడం లేదు. రెండు టైళ్ళ అతుకు దగ్గర నుంచి పోతోంది. అందుకే ఆ వరుసలు బాగున్నాయి. గీత మంచిదే, తను స్టూలు పెట్టిన చోటే దాని మీద పడలేదు.

కుడివైపు కూడా సుతిలి కట్టాడు. ఇలా ఎందుకు అయిందో అతనికి తెలియదు. కానీ గాలి గీత గీసిందని, ఆ గీతను తను కల్పించలేదని తెలిసింది.

పదకొండు గంటలకు సుమన చిట్యాల నుంచి నేరుగా కాలేజీకి వచ్చింది. పాపకు జ్వరం తగ్గిందట. సారు మాట అప్పటికే చెవిన పడింది కాబోలు, ముఖం వాడిపోయి ఉంది.

"అన్నా, సారు ఏదో అంటున్నరు..."

"మీరు జర గిక్కడ నిలబడుండ్రి మేడం. ఒక కన్ను మూసి చూడుండ్రి."

సుమన చూసింది. బ్యాగు భుజం మీద నుంచి జారి కింద పడింది. తీసుకోలేదు. సుతిలి వెంట సగం దూరం నడిచి, వెనక్కి వచ్చి, నాలుగు పుల్లల వైపు చూసి, నేల మీదే కూర్చుంది.

"తప్పు నాది అన్నా."

"మీదా?"

"నాలుగు పుల్లలూ ఒక్కటే ముక్కను ఒక్కసారే పంపుతున్నయి. ముందు సులువుగ చేసి చూద్దామని నేనే అట్ల రాసిన. ఎదురుగ నిలబడినోనికి నాలుగూ కలిసి గట్టిగ ఇనబడతయి. కాని గీ వాలుల నిలబడితే, ఒకదానిది పైకి లేచే టయానికి ఇంకోదానిది కిందికి దిగుతది. నాలుగూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటయి. ఏమీ మిగలదు. నాలుగు పుల్లలు సమానం ఎడంల ఉన్నయి కాబట్టి రెండు దిక్కులా ఒక్కటే వాలు. కంప్యూటర్‌ల నేను చూసినప్పుడు గిట్ల రాలే. అండ్ల హాలు లేదు, సగటు లెక్కనే ఉన్నది."

"అయితే అంకెలు నిజమే గద?"

"నిజమే అన్నా. నా లెక్క కంటే నిజం."

"గా మాట సారుకు చెప్పుండ్రి" అన్నాడు పర్వతాలు.

దశరథ్ సారు మధ్యాహ్నం వచ్చాడు. సుమన బోర్డు మీద గీసి చూపింది. ఆయన తల ఊపాడు గానీ చూపు సుతిలి మీదే ఉంది. "సిద్ధాంతం సరే సుమనా. గుర్తులు పెట్టింది ఈయన, సుతిలి కట్టింది ఈయన. గుర్తులకు తగ్గట్టు సుతిలి కట్టొచ్చు."

సుమన ఏదో అనబోయింది. పర్వతాలు స్టూలు, డబ్బా తెచ్చి సారు ముందు పెట్టాడు.

"మీరే పెట్టుండ్రి సార్. ఎనిమిదో వరుసల. నా బుక్కుల గా వరుస మొత్తం మంచిగనే ఉన్నది. టైలు నడుమ పెట్టకుండ్రి, సుతిలి కింద పెట్టుండ్రి. నేను బయట నిలబడుత."

అని నిజంగానే బయటికి పోయి వరండాలో నిలబడ్డాడు. లోపల స్టూలు జరిపిన చప్పుడు వినిపించింది. తర్వాత ఏమీ వినిపించలేదు. వంద పిలుపులకు నిమిషం కూడా పట్టదని అతనికి తెలుసు. కానీ చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూనే ఉన్నాడు. జూన్ గుర్తొచ్చింది. ఒకవేళ తొంభై వస్తే? సుతిలి గాలికి కదిలి ఉంటే?

"రెండు" అంది లోపల సుమన గొంతు.

మళ్ళీ స్టూలు చప్పుడు. సారు మూరెడు పక్కకు జరిపినట్టున్నాడు.

"తొంభై ఒకటి."

కుడివైపు సుతిలి కింద కూడా ఆయనే పెట్టాడు, పదమూడో వరుసలో. ఒకటి వచ్చింది. ఆ తర్వాత సారు తనంతట తానే ఇంకో మూడు చోట్ల పెట్టి చూశాడు. బయటికి వచ్చేసరికి మోకాళ్ళకు సుద్ద అంటుకుని ఉంది.

"లోపలికి రా పర్వతాలూ" అన్నాడు. సుమన వైపు తిరిగి, యాంటెన్నాలకు ఒక్కోదానికి ఒక్కో జరుపు ఇవ్వాలి, రేపే మార్చు అని చెప్పాడు. ఆమె అప్పటికే ఆ మాటే రాసుకుంటోంది.

ఆ జరుపు ఏమిటో సుమన సాయంత్రం చెప్పింది. నాలుగు పుల్లలూ అదే ముక్కను పంపుతాయి, కానీ ఒక్కోటి ఒక్కో చోట నుంచి మొదలుపెడుతుంది. ముక్క చుట్టూ తిరిగి వచ్చేదే కాబట్టి ఎక్కడ మొదలుపెట్టినా పది సార్లు తిరగడం తిరగడమే. వినే డబ్బాకు తిరిగి వస్తోందని తెలిస్తే చాలు. అందువల్ల అన్నీ ఒకే వాలులో కొట్టేసుకోవడం ఉండదు.

"నలుగురు మేస్త్రీలు ఒక్కటే పిలుపును తలా ఒక మాట కాడ ఎత్తుకున్నట్టు" అన్నాడు పర్వతాలు.

"అగో, గదే."

"గట్లయితే 'గుంజు' ఎప్పుడంటరో కడాకు ఉన్నోనికి జర తికమక గాదా?"

సుమన అతని వైపు చూసింది. "అయితది. షురూ ఐతాందని తెలుస్తది కాని, సరిగ్గా ఎక్కడ షురూ అయిందో జర ముందుకో ఎనకకో పట్టుకుంటది. గది ఇంకో పని. నా పీహెచ్‌డీ గిట్ల ఊకెనే అయితదా?"

కొత్త ప్రోగ్రాం సిద్ధమవడానికి ఐదు రోజులు పట్టింది. మళ్ళీ ఐదు వందల టైళ్ళు కొలవాలి. ఈసారి కూడా మొదటి వరుసకు సుమన కూర్చుంది. తర్వాత ఆమెకు క్లాసు. అతనే కొలిచాడు. ఏడో వరుస నాలుగో టైలు దగ్గర కావాలనే రెండు సార్లు నొక్కాడు. తొంభై ఆరు, తొంభై నాలుగు. హాలు మొత్తంలో నాలుగు టైళ్ళే తక్కువ వచ్చాయి. అవి కూడా వెనక ఇనుప తలుపు దగ్గర, ఏ గీత మీదా లేవు.

రెండో రోజు నాలుగు గంటలకు దశరథ్ సారు వచ్చి కొత్త పేజీలు తిరగేశాడు. తల ఊపాడు. "మంచిగుంది. పాత పేజీలు చింపేసి వీటినే ఫైల్ల పెట్టు సుమనా."

"పాతవి కూడా కావాలె సార్. మొదలు ఎట్లుండె, తర్వాత ఎట్లయింది అని రెండూ చూపియ్యాలె గద" అంది సుమన.

"సరే, ఉంచు." సారు నోట్‌బుక్ మూసి తలుపు వైపు నడిచాడు.

"సార్."

పర్వతాలు గొంతు పెద్దది కాదు. సారు ఆగాడు.

"పాత పేజీ మీద ఎర్ర గీత ఉన్నది సార్. పక్కన రాసి ఉన్నది. గది గట్లనే ఫైల్లకు పోతది."

హాలు ఖాళీగా ఉంది. సుమన ఫోను టేబుల్ మీద ఒకసారి మెరిసింది, ఆమె తీయలేదు. దశరథ్ సారు వెనక్కి వచ్చి, నోట్‌బుక్ తెరిచి, తను రాసిన మాటను చదివాడు. జేబులో ఎర్ర పెన్నే ఉంది. సుమన తన నీలి పెన్ను ఇచ్చింది. ఆయన ఎర్ర గీత కొట్టేయలేదు, దాని కింద రాశాడు: మళ్ళీ స్వయంగా కొలిచి చూశాను. ఈ అంకెలు సరైనవి. కింద సంతకం, తేదీ.

పర్వతాలు వంగి ఆ రెండు వాక్యాలనూ అక్షరం అక్షరం చదివాడు. చదవడం అయ్యేదాకా సారు కదలలేదు.

"లైబ్రరీ హాలు కూడా కొలవాలె" అన్నాడు సారు, పెన్ను తిరిగి ఇస్తూ. "అక్కడ ఇనుప బీరువాలున్నయి. అంకెలు ఇంకా తిక్కతిక్కగ వస్తయి."

"వచ్చింది రాస్త సార్" అన్నాడు పర్వతాలు. అని, నేల మీద మోకాళ్ళూని, రెండు సుతిళ్ళ ముడులూ విప్పి ఉండ చుట్టడం మొదలుపెట్టాడు. పరీక్షల గదికి తిరిగి ఇవ్వాలి.